పాతాళ భైరవి: పాత్రలు, మాయలు

పాతాళ భైరవి 1951 మార్చి 15న విడుదలైన తెలుగు జానపద చలనచిత్రం. విజయా సంస్థ పక్షాన నాగిరెడ్డి, చక్రపాణి నిర్మించగా కె.వి. రెడ్డి దర్శకత్వం వహించారు. రచన పింగళి నాగేంద్రరావు, సంగీతం ఘంటసాల, ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్లే.

ప్రధాన పాత్రలు

తోటరాముడు (ఎన్.టి. రామారావు): ఉజ్జయినిలో తోటమాలి కొడుకు. రాకుమారిని ప్రేమించి, రాజుతో సరితూగే సంపద కోసం బయలుదేరతాడు.
ఇందుమతి (కె. మాలతి): ఉజ్జయిని రాకుమారి.
నేపాళ మాంత్రికుడు (ఎస్.వి. రంగారావు): ధీరుడైన యువకుణ్ణి బలిచ్చి పాతాళ భైరవి దేవి వరం పొందాలనుకుంటాడు. 'డింభకా' అన్న అతని పిలుపు జనం నోట నానింది.
సదాజప (పద్మనాభం): మాంత్రికుడి శిష్యుడు.
అంజి (బాలకృష్ణ): రాముడి నేస్తం.
సూరసేనుడు (రేలంగి): రాజుగారి బావమరిది, హాస్యపాత్ర.

మాయలు, మలుపులు

మాంత్రికుడు బలికి ఎంచుకున్న రాముడు ముందుగా స్నానానికి దిగినప్పుడు అతనిపై మొసలి దాడి చేస్తుంది. అతని చేతిలో చచ్చి, శాపం తీరి అప్సరసగా మారి, మాంత్రికుడి పన్నాగం చెబుతుంది. రాముడు మాంత్రికుణ్ణే బలిచ్చి, కోరినవన్నీ ఇచ్చే భైరవి ప్రతిమను దక్కించుకుంటాడు. సదాజప సంజీవనితో గురువును బతికిస్తాడు. ప్రతిమను కాజేసిన మాంత్రికుడు ఇందుమతిని మేడతో సహా మాయం చేస్తాడు. అతని శక్తి గడ్డంలో ఉంది. అంజి ఉపాయంగా ఆ గడ్డం తీయించడంతో మాయలు ఆగిపోతాయి.

రాముడి తల్లిగా నటించిన సురభి కమలాబాయి, తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద (1932)లోనూ నటించారు. పాతాళ భైరవిని 1952లో జరిగిన భారత తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించారు.