గాజుల లక్ష్మీనరసు శెట్టి: వర్తకమునుండి ప్రజాసేవకు

చెన్నపట్టణపు పూర్వచరిత్రమున ఈస్టిండియా కుంపిణీ దొరల పేర్ల ప్రక్కనే తెలుగు వర్తకుల పేర్లును కానవచ్చుచుండును. 17వ శతాబ్దమున బేరి తిమ్మన్న, కాసి వీరన్న మొదలగువారు కుంపిణీకి సరకులు సమకూర్చి, ధనము గడించి, పట్టణమున పెద్దలై మన్ననలందిరి. వారి తరువాతి తరములవారును ఆ త్రోవనే నడచి, దేవాలయములకు మాన్యములిచ్చి, సత్రములు కట్టించి, దానధర్మములచే పేరు తెచ్చుకొనిరే కాని, పాలకుల చేతలను విమర్శించి ప్రజల కష్టములను వారికి నివేదించుట తమ ధర్మములలో నొకటియని తలచినవారు అరుదు. ఆ క్రొత్త ధర్మమును తలకెత్తుకొని, దానికై తన యార్జనమును వెచ్చించిన వర్తకులలో ప్రథమగణ్యుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి.

ఆయన 1806వ సంవత్సరమున చెన్నపట్టణమున జన్మించెను. తండ్రి సిద్ధులు శెట్టి నీలిమందును వస్త్రములను అమ్ముచు వర్తకులలో పేరుగన్నవాడు. చదువు ముగిసిన వెంటనే కుమారుడును తండ్రి వ్యాపారమున ప్రవేశించి, దానిని వృద్ధి చేసెను. ఆ కాలమున కడప, నెల్లూరు మండలములలో నీలిపైరు విరివిగా పండుచుండెడిది. కోసిన మొక్కలను తొట్లలో నానవేసి, ఆ నీటిని బాదులతో కలియగొట్టి, అడుగున దిగిన మడ్డిని కాచి వడగట్టి, ఒత్తి ఆరబెట్టి బిళ్లలుగా కోసినచో సరకు సిద్ధమగును. పెట్టెల కెక్కి, ఓడలమీద సీమకు పోవు ఆ నీలి బిళ్లలో రైతు చెమటయు, కూలివాని శ్రమయు, వర్తకుని మెలకువయు కలిసియుండెడివి. ఇట్టి వ్యాపారమున రాణింపవలెనన్న పల్లెలలో పంట ఎట్లున్నదో, పన్ను ఎట్లు వసూలగుచున్నదో, రైతు చేతిలో ఏమి మిగులుచున్నదో ఎరుగక తీరదు. రాజకీయములలోనికి వచ్చునప్పటికే ఆయనకు గ్రామసీమల స్థితి కొత్త కాకుండుటకు ఇదియే కారణమని నేను తలంతును.

ఆయన ప్రజాజీవితము పత్రికతో ఆరంభమయ్యెను. 1844 అక్టోబరు 2వ తేదీన, ఎడ్వర్డు హార్లీ అను ఆంగ్లేయుని సంపాదకునిగా నియమించి, 'క్రెసెంట్' అను ఇంగ్లీషు పత్రికను వెలువరించెను. మద్రాసున భారతీయుడు యజమానియై నడపిన తొలి వార్తాపత్రికగా దీనిని చరిత్రకారులు పేర్కొందురు. పత్రిక ప్రకటనను సర్కారు గెజిటులో అచ్చువేయుటకు అధికారులు నిరాకరించిరన్నచో, పుట్టుకనుండియే అది పాలకులకు ఎంత కంటగింపైనదో ఊహింపవచ్చును. మతము మారినవారికి పిత్రార్జితమున హక్కు కల్పించు శాసనపు చిత్తును 1845లో ప్రభుత్వము ప్రకటించినప్పుడును, బైబిలును పాఠ్యగ్రంథముగా చేర్పవలెనని గవర్నరు ట్వీడేల్ ప్రభువు 1846లో తలపెట్టినప్పుడును, పట్టణమున సభలు జరిపించి, లండనులోని కుంపిణీ డైరెక్టర్లకు మహజరులు, అనగా విన్నపపత్రములు, పంపించినవారిలో లక్ష్మీనరసు శెట్టి అగ్రగణ్యుడు. బైబిలు ప్రతిపాదనను డైరెక్టర్లు త్రోసివేసిరి. వారసత్వ శాసనము మాత్రము 1850లో అమలులోనికి వచ్చెను. ఒక జయము, ఒక అపజయము. కాని తర్కముతోను సంతకములతోను పాలకుల నిర్ణయమును మార్పవచ్చునను నమ్మకము ఈ రెంటివలనను పట్టణవాసులకు కలిగెను.

ఆ నమ్మకమే 1852 ఫిబ్రవరిలో 'మద్రాసు నేటివ్ అసోసియేషన్' అను రూపు దాల్చెను. కలకత్తాలోని బ్రిటిష్ ఇండియన్ అసోసియేషనుకు శాఖగా మొదలైన ఈ సంఘము, దక్షిణదేశపు చిక్కులు వేరని గ్రహించి, స్వల్పకాలములోనే స్వతంత్రమయ్యెను. కుంపిణీ సనదును 1853లో పార్లమెంటు పునఃపరిశీలింపవలసియుండుటచే, ఆ లోపుననే తమ కష్టములను విన్నవించుకొనవలెనని సంఘమువారు 1852 చివర సుదీర్ఘమైన మహజరొకటి పంపిరి. శిస్తు భారము, చేతివృత్తులవారిపై మొహతర్ఫా పన్ను, ఉప్పుపై సర్కారు గుత్తాధికారము, న్యాయస్థానములలో జాప్యము, రహదారులకు నీటిపారుదలకు చాలని వ్యయము, విద్యపట్ల ఉపేక్ష అందు వివరింపబడెను. మతమును కాపాడుకొనుటకు మొదలైన ఉద్యమము రైతు కడుపును గూర్చి మాటాడుట నేర్చినది. ఆయన జీవితమున ప్రధానమైన మలుపు ఇదియే.

పార్లమెంటు సభ్యుడైన డాన్బీ సేమూరు 1853లో ఈ దేశమునకు వచ్చి స్వయముగా విచారింపగా, లక్ష్మీనరసు శెట్టి ఆయనను వెంటబెట్టుకొని జిల్లాలు త్రిప్పి, శిస్తు చెల్లింపలేని రైతులు పడు బాధలను కన్నులారా చూపించెను. వ్రేళ్లను చెక్కల నడుమ నొక్కు కిట్టి, దీనినే తెలుగువారు చిరత అందురు, శిస్తు వసూలునకు సాధారణ సాధనమైయుండెను. మెడను కాలివ్రేళ్లకు త్రాటితో బిగించి వంచియుంచుట, మండుటెండలో నిలబెట్టుట, వీపుపై బండలెత్తుట మొదలగునవియు వాడుకలో నుండెను. సేమూరు స్వదేశమునకు మరలి కామన్సు సభలో ఈ సంగతి నెత్తగా, 1854 జూలైలో వాగ్వాదము జరిగి, ఇలియట్, స్టోక్స్, జాన్ బ్రూస్ నార్టన్ అను ముగ్గురితో విచారణ సంఘము ఏర్పడెను. చెప్పుకొనుటకు దిక్కులేనివారని అంతవరకు అందరును తలచిన రైతులు దూరగ్రామములనుండి వచ్చి సంఘము ఎదుట నిలిచిరి. రాలేనివారు అర్జీలు పంపిరి. 1855లో వెలువడిన నివేదిక, హింసలు నిజమనియు, శిస్తు వసూలులో అవి విరివిగా జరుగుచున్నవనియు అంగీకరించెను. తహశీలుదారునకే పోలీసు అధికారమును ఇచ్చిన పద్ధతి ఈ కీడునకు మూలములలో నొకటియని తేలుటచే, శిస్తు వసూలును పోలీసు అధికారమును వేరుచేయు మద్రాసు పోలీసు చట్టము 1859లో వచ్చెను. ఒక వర్తకుని పట్టుదలవలన ఒక రాజధాని (ప్రెసిడెన్సీ) పరిపాలనమే మారుట చరిత్రమున సామాన్యముగా కాననగునది కాదు.

ఇంతటి పనిలో అందరును ఆయనతో ఏకీభవించిరని చెప్పరాదు. ఆయన మార్గము నచ్చక వెంకటరాయలు నాయుడు మొదలగువారు సంఘమును విడిచి వేరు మార్గము పట్టిరి. కొంతకాలమునకు సంఘమును క్షీణించెను. ప్రభుత్వము మాత్రము ఆయనకు స్టార్ ఆఫ్ ఇండియా బిరుదమిచ్చి గౌరవించెను. మద్రాసు శాసనసభలో తొలి భారతీయ సభ్యుడైన సదగోపాచార్యులు 1863లో మరణింపగా, ఆ స్థానమున లక్ష్మీనరసు శెట్టి నియుక్తుడై తుదివరకు సభ్యుడుగా నుండెను. ఆనాటి సభ్యులకు ప్రశ్నలడుగుటకును, ఆదాయవ్యయములను చర్చించుటకును అధికారము లేదు. ఎదుటకు వచ్చిన చట్టములను గూర్చి మాత్రమే మాటాడవలెను. కాబట్టి ఆయన కీర్తి శాసనసభలో కూర్చుండుటవలన గాక, సభకు వెలుపల చేసిన పనివలననే నిలిచినది.

1868లో ఆయన మరణించునాటికి తండ్రితరమునుండి వచ్చిన సంపద మిగిలియుండలేదు, దరిద్రస్థితిలోనే కన్నుమూసెను. పత్రికకు, సంఘమునకు, మహజరులకు, ప్రయాణములకు ఎవరో ఒకరు వ్యయము భరింపవలసియుండిన కాలమున ఆయన వెనుదీయలేదు.

తెలుగువారి రాజకీయ చైతన్యమును గూర్చి వ్రాయువారు వందేమాతర ఉద్యమముతోనో, కాంగ్రెసుతోనో ఆరంభించుట పరిపాటి. అది సరికాదు. 1884లో పుట్టిన మద్రాసు మహాజన సభకును, మరుసటి యేట వెలసిన కాంగ్రెసుకును పత్రిక, సభ, మహజరు, సాక్ష్యము అను పరికరములు ముందే సిద్ధమై దొరకినవి. ఆ పరికరములను ఈ పట్టణమున వాడుకలోనికి తెచ్చినవారిలో ముఖ్యుడు ఈ నీలిమందు వర్తకుడు. లెక్క తప్పరాదు, ఆధారములేని మాట అనరాదు, ఫలితమునకై ఓర్పుతో వేచియుండవలెనను వర్తకధర్మమును ఆయన ప్రజల పక్షమున ప్రయోగించెను. మన చరిత్రగ్రంథములలో ఆయనకు ఒక వాక్యము కాదు, ఒక ప్రకరణమే ఈయవలసియున్నది.