దూదేకుల విల్లు, సైబరాబాద్ తకియా

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఫ్లాట్లలో కాపురాలు పెట్టిన మన పిల్లలు ఈమధ్య తరచుగా అడిగే సవాల్ ఒకటుంది. బాతు ఈకల తకియా కొనొచ్చా? అది హలాలేనా? అంత డబ్బు పెడితే ఎన్నేళ్లు వస్తుంది?

ముందు జవాబు చెప్పి తర్వాత తారీఖ్‌లోకి వెళ్దాం. హనఫీ ఫిఖ్‌లో పక్షి ఈక పాక్. జబహ్ చేయని పక్షిదైనా సరే. షాఫయీ మజ్హబ్‌లో మాత్రం హలాల్‌గా జబహ్ కాని పక్షి ఈక నాపాక్. కాబట్టి బార్కస్‌లోని మన అరబ్ భాయీలు ఈ సంగతి ఆలిమ్‌ని అడిగి కొనడం మంచిది. బతికున్న బాతు నుంచి పీకిన ఈకల గురించి వేరే బాధ ఉంది. అది జుల్మ్. అలా పీకలేదని హామీ ఇచ్చే రెస్పాన్సిబుల్ డౌన్ స్టాండర్డ్ అనే ముద్ర 2014 నుంచి ఉంది. కొనేటప్పుడు దాన్ని చూడండి.

ఇంకొక మాట. డౌన్ వేరు, ఈక వేరు. ఈకకు మధ్యలో కాడ ఉంటుంది. అది గిలాఫ్‌లోంచి పొడుచుకొస్తుంది. డౌన్ అంటే బాతు రొమ్ము దగ్గర, ఈకల కింద ఉండే మెత్తటి నూగు. దానికి కాడ ఉండదు. నలువైపులా విచ్చుకున్న సన్నటి పోగులు గాలిని పట్టి ఉంచుతాయి. నిజానికి మనం తల పెట్టుకునేది ఆ గాలి మీదే. పత్తి తకియాలోనూ అంతే. దూది ఉత్త బహానా, మెత్తదనమంతా దాని మధ్య చిక్కుకున్న గాలిది. ఈ ఒక్క ముక్క అర్థమైతే మన దగ్గర ఒక ఖౌమ్ మొత్తం ఏ హునర్ మీద బతికిందో అర్థమవుతుంది.

దూదేకులవాళ్ల గురించి చెప్తున్నాను. నూర్‌బాషా, పింజారీ, లద్దాఫ్ అన్నా వాళ్లే. ఈ పేర్లలోనే సగం చరిత్ర ఉంది. అరబ్బీలో నద్దాఫ్ అంటే దూది ఏకేవాడు. మన లద్దాఫ్ దానికి దగ్గరి మాట. తెలుగులో పింజ అంటే ఏకిన దూది. నూర్‌బాషా అనేది ఫార్సీ నూర్‌బాఫ్, అంటే నేతగాడు అనే మాట నుంచి వచ్చిందంటారు. హల్లాజ్ అన్నా పత్తి పనివాడే. హిజ్రీ 309లో, అంటే క్రీస్తు శకం 922లో, బగ్దాద్‌లో ఉరికంబమెక్కిన సూఫీ హుసైన్ బిన్ మన్సూర్‌కు ఆ పేరు ఈ పేషా వల్లే వచ్చింది. ఉత్తరాది ధునియాలు తమను మన్సూరీలమని చెప్పుకునేది ఆయన పేరు మీదే.

తెలుగు పడకలో మన మాటలు ఎన్ని కలిసిపోయాయో చూడండి. గలేబు అనేది గిలాఫే. కాబా మీద కప్పే గిలాఫ్, మీ తలదిండు మీది గలేబు, రెండూ ఒకటే మాట. పాత తెలుగులో దిండును బాలీసు అనేవాళ్లు. అది ఫార్సీ బాలిష్. రజాయి సంగతి చెప్పనక్కర్లేదు. తకియా మాటైతే ఇంకా దూరం వెళ్లింది. ఆనుకునేది అనే అర్థం నుంచి ఫకీర్లు ఆగి సేదదీరే చోటుకు కూడా అదే పేరైంది. దర్బారులో ఆనుకునే మస్నద్ ఏకంగా తఖ్త్‌కు మారుపేరైంది. చౌమహల్లా ఖిల్వత్‌లో పాలరాతి గద్దె చూసినవాళ్లకు తెలుసు, ఆసఫ్‌జాహీల సింహాసనమంటే కుర్చీ కాదు, పరుపూ గావ్‌తకియానే. ఆ మస్నద్ ఎవరిదో ప్రతి కితాబులోనూ ఉంది. అందులోకి దూది ఏకినవాడి పేరు మాత్రం ఎక్కడా లేదు.

దూదేకే విల్లు ఎక్కడి నుంచి వచ్చింది? దీని మీద పెద్ద బహస్ ఉంది. విల్లు, రాట్నం 13, 14 శతాబ్దాల్లో ముస్లింల రాకతో హిందుస్తాన్‌లో వ్యాపించాయని ఇర్ఫాన్ హబీబ్ 1969లో వాదించారు. రాట్నానికి ఆయన చూపిన గవాహీ 1350 నాటి ఫుతూహుస్సలాతీన్. ఇసామీ ఆ ఫార్సీ కావ్యాన్ని రాసింది ఢిల్లీలో కాదు, దక్కన్‌లో, బహమనీ సుల్తాన్ నీడలో. విల్లు అంతకు ముందే ఇక్కడ ఉందని వాదించేవాళ్లూ ఉన్నారు. నాకైతే ఎవరు తెచ్చారన్న దానికన్నా ఎవరు మోశారన్నదే పెద్ద విషయంగా కనిపిస్తుంది. తెలుగు ఊళ్లలో దాన్ని భుజాన వేసుకుని తిరిగింది ఈ దూదేకుల సాయిబులే.

చూసినవాళ్లకు ఆ విల్లు గుర్తుండే ఉంటుంది. మనిషంత పొడుగు. దానికి నారతాడు కాదు, మేక పేగుతో చేసిన తాంత్. పైకప్పుకో కొమ్మకో వేలాడదీసి, ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో రెండు వైపులా గుండులున్న కొయ్యతో తాంత్‌ను కొడతారు. దూది తాంత్‌ను తాకగానే గడ్డలు విడిపోతాయి. మట్టి, గింజ ముక్కలు కింద రాలతాయి. పోగులు పైకి ఎగిరి మంచుకుప్పలా పడతాయి. ఆ మోత వీధి చివరిదాకా వినిపించేది. పిల్లలందరం చుట్టూ చేరేవాళ్లం. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా ఆయన కనుబొమ్మలు తెల్లగా అయిపోయేవి.

ఆ తెలుపు తమాషా కాదు. పత్తి ధూళి ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు బిగుసుకుపోయే జబ్బు వస్తుంది. దాన్ని బిస్సినోసిస్ అంటారు. మిల్లు కూలీల విషయంలో డాక్టర్లు దాని గురించి చాలా రాశారు. ఇంటింటికీ తిరిగి ఏకినవాళ్ల దగ్గును లెక్కపెట్టిందెవరు?

తలకు తలుచుకుంటే ఒక ఏడాది, రెండేళ్లు. అంతలో పత్తి తకియా రాయిలా అవుతుంది. చెమట, నూనె, బరువు కలిసి పోగుల్ని అతికించేస్తాయి. అప్పుడు దాన్ని పారేసేవాళ్లు కాదు. విప్పి, ఎండలో వేసి, ఏకించి, కొంచెం కొత్త దూది కలిపి మళ్లీ కుట్టించేవాళ్లు. నానీమా దహేజ్‌లో వచ్చిన దూది మనవరాలి తోషక్‌లోకి చేరేది. బూరుగు దూది సంగతి వేరు. అది తెలుగు నేల డౌన్ అనుకోవచ్చు. బూరుగు పోగు లోపల బోలు. పైన మైనం లాంటి పూత ఉంటుంది కాబట్టి తడి అంటదు. దాన్ని వడకలేరు, నింపడానికే పనికొస్తుంది. దానికి చుట్టమైన తెల్లబూరుగు దూదిని రెండో ప్రపంచయుద్ధం నాటి దాకా ఓడల్లో ప్రాణరక్షక జాకెట్లకు వాడారు. కానీ బూరుగు పోగు పెళుసు. తాంత్ మీద గట్టిగా కొడితే పొడి అవుతుంది. దేన్ని కొట్టాలి, దేన్ని చేత్తో విప్పాలి అన్నది తెలిసినవాడే ఉస్తాద్.

ఇక మన సొంత లెక్క. ఎడ్గార్ థర్స్టన్ 1909లో అచ్చువేసిన ఏడు సంపుటాల్లో దూదేకులవాళ్లకు ఒక పద్దు ఉంది. బ్రిటిష్ అఫ్సర్ వాళ్లను చూశాడు. మనం చూశామా? ఇంట్లో తెలుగు మాట్లాడతారని, ఉర్దూ రాదని, నికాహ్‌కు ఖాజీ వచ్చినా పేరు వెనక దూదేకుల ఉందని రిష్తాలు ఇవ్వలేదు. హిందువులు సాయిబులన్నారు, సాయిబులు దూదేకులన్నారు. వీరబ్రహ్మం గారి శిష్యుడు సిద్ధయ్య దూదేకుల ఇంటి బిడ్డేనని కడప జిల్లా ముడుమాల రివాయత్. బుర్రకథకు కొత్త ప్రాణం పోసిన షేక్ నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో ఆ ఖౌమ్‌లోనే పుట్టారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన జీవితకథ కితాబు పేరేమిటో తెలుసా? పింజారి. జనం తిట్టుగా వాడిన మాటనే అట్టమీద అచ్చువేయించారు. మన ఘరానాల్లో ఖాందాన్ పేరు చెప్పుకోవడానికి అంత హిమ్మత్ ఎప్పుడూ కావాల్సి రాలేదు.

సర్కారు జాబితాలోనూ వాళ్ల ఠికానా వేరు. దూదేకుల, లద్దాఫ్, పింజారీ, నూర్‌బాష్ అని బీసీ-బిలో ఉన్నారు. 2007లో ముస్లిం వర్గాలకు బీసీ-ఇ వచ్చినప్పుడు కూడా వాళ్లు బీసీ-బిలోనే ఉండిపోయారు.

1998 నవంబర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకుంది. దాని తర్వాత మాదాపూర్ రాళ్లగుట్టల మధ్య ఎంత మారిందో హుస్సేన్ షా వలీ దర్గాకు వెళ్లే పాతవాళ్లను అడగండి. 2018 ఆగస్టు 9న హైటెక్ సిటీలో నాలుగు లక్షల చదరపు అడుగుల ఐకియా తెరుచుకుంది. ఫోము, పాలిస్టర్, డౌన్ అన్నీ కట్టలు కట్టి దొరుకుతున్నాయి. ఎక్కడా మరమ్మతు అన్న మాట లేదు. తకియా గట్టిపడితే కొత్తది కొనాలి, అంతే. విల్లు పట్టిన చేతులు ముందే మెషిన్ పట్టాయి. ట్రాలీ ఆటోలో ఏకే యంత్రం పెట్టుకుని గల్లీల్లో తిరిగే భాయీలు ఇప్పటికీ ఉన్నారు. గేటెడ్ కాలనీ లోపలికి మాత్రం వాచ్‌మన్ రానివ్వడు. అదే కాలనీలో నూర్‌బాషా అన్న ఇంటిపేరు ఐడీ కార్డు మీద వేసుకుని ఆఫీసుకు వెళ్లే బిడ్డ ఉండొచ్చు. ఆ ఇద్దరి మధ్య ఒక్క తరమే దూరం.

డౌన్ కొన్నవాళ్లకు రెండు మాటలు. గిలాఫ్ కింద ఇంకొక జిప్పు గిలాఫ్ వేయండి. రోజూ పొద్దున్నే రెండు అంచులు పట్టుకుని దులపండి. పత్తిని మండుటెండలో వేస్తాం కదా అని దీన్నీ గంటల తరబడి వేయొద్దు. ఎక్కువ వేడికి నూగులోని సహజమైన నూనె ఎండి పోగు విరుగుతుంది. నీడలో గాలి చాలు. ఉతికితే తక్కువ సబ్బుతో, ముందు తలుపున్న మెషిన్‌లో. తర్వాత డ్రయ్యర్‌లో తక్కువ వేడి మీద రెండు టెన్నిస్ బంతులు వేసి పూర్తిగా ఆరనివ్వాలి. వానాకాలంలో హైదరాబాద్ బాల్కనీలో ఇది ఆరదు, వాసన పట్టేస్తుంది. మధ్యకు మడిచి వదిలితే తిరిగి విచ్చుకోకపోతే దాని ఉమ్ర్ అయిపోయినట్టే. విరిగిన నూగును ఏ ఉస్తాదూ ఏకలేడు.

పత్తి తకియాలు ఇంట్లో ఉంటే అలా కాదు. సాబూత్‌గా ఉన్న దూదిని పారేయకండి. ట్రాలీ భాయీ వచ్చినప్పుడు ముందు తూకం వేయించి, మీ కళ్ల ముందే మెషిన్‌లో వేయించండి. పాలిస్టర్ కలపొద్దని చెప్పండి. ఏకాక మళ్లీ తూచండి, కొంత తరుగు ఉంటుంది, అది ధూళి. కుట్టే ముందు ఒకరోజు ఎండ చూపించండి. ఆయనకు చాయ్ ఇచ్చి ఏ ఊరు భాయీ అని పేరు అడగండి.