అడవిలో తవ్వుకున్న సమాధి



గత నెలలో ఒక పసిబిడ్డను సమాధి చేసి వచ్చాక, ఆ తల్లితో "ఏడవకమ్మా, దేవుని చిత్తం" అని చెప్పి ప్రార్థన ముగించాం. ఆమె తలెత్తి చూసిన చూపు మమ్మల్ని వదలలేదు. ఇంటికొచ్చి జడ్సన్ గారి చరిత్ర మళ్లీ తెరిచాం. సెమినరీలో పరీక్ష కోసం తేదీలు బట్టీపట్టామే గాని, ఆయన దుఃఖం దగ్గర ఎన్నడూ ఆగలేదు.

అదోనిరాము జడ్సన్, ఆయన భార్య ఆన్ అమెరికా దేశస్థులు. 1813లో మద్రాసులో ఓడ ఎక్కి బర్మాలోని రంగూనుకు వెళ్లారు. ఆ ప్రయాణంలోనే తొలి బిడ్డ చనిపోయి పుట్టింది. రెండోవాడు రోజర్ ఎనిమిది నెలలే బ్రతికాడు. మొదటి బర్మా విశ్వాసి బాప్తిస్మము పొందింది 1819లో. ఆరేళ్లు! మనకు ఆరు ఆదివారాలు కొత్తవాళ్లు రాకపోతేనే దిగులు.

1824లో ఆంగ్లేయులకూ బర్మా రాజుకూ యుద్ధం వచ్చింది. గూఢచారి అనే అనుమానంతో ఆవాలో జడ్సన్ గారిని సంకెళ్లతో చెరలో వేశారు. బర్మా భాషలోకి అనువదించిన క్రొత్త నిబంధన కాగితాలను ఆన్ ఒక దిండులో కుట్టి ఆయనకు పంపింది. ఆ చెరకాలంలోనే మరియ అనే పాప పుట్టింది. తర్వాత ఆన్ జబ్బుపడి పాలు లేకపోతే, కావలివారి అనుమతితో ఆయన సంకెళ్లతోనే బిడ్డను ఎత్తుకొని ఊళ్లో పాలిచ్చే తల్లుల ఇళ్లకు తిరిగాడు. ఆ తల్లులు క్రైస్తవులు కారు. అయినా ఆ పాలు దేవుడు పంపినవేనని మేము నమ్ముతున్నాం.

విడుదలయ్యాక ఆయన పనిమీద మళ్లీ ఆవాకు వెళ్లాడు. అక్కడికి నల్లని ముద్ర వేసిన ఉత్తరం వచ్చింది. పాప పోయిందనుకొని విప్పాడు. పోయింది ఆన్. 1826 అక్టోబరు 24న అమ్హర్స్ట్‌లో కన్నుమూసింది. ఆరు నెలలకు మరియ కూడా తల్లి ప్రక్కకే చేరింది.

అప్పుడాయన అడవిలో గుడిసె వేసుకొని, తన కోసం సమాధి తవ్వుకొని దాని ప్రక్కన కూర్చునేవాడు. ఆన్ పోయిన మూడేళ్లకు కూడా, దేవుణ్ణి నమ్ముతున్నాను గాని ఆయన నాకు కనబడడం లేదనే భావంతో వ్రాశాడు. మా చేతిలోని పుస్తకం ఈ మాటను రెండు వరుసల్లో దాటేసింది. మేము మాత్రం ముందుకు పోలేకపోయాం. యోసేపు కోసం యాకోబు కూడా ఓదార్పు వద్దన్నాడు గదా (ఆది. 37:35). దేవుడు అతణ్ణి గద్దించినట్టు ఎక్కడా లేదు.

ఆదరణ వచ్చింది, కాని మెల్లగా వచ్చింది. తాను ఎంతోకాలం ప్రార్థించిన తమ్ముడు ఎల్నాథాన్ విశ్వాసంతోనే కన్నుమూశాడనే కబురు అమెరికా నుంచి అందింది. 1831లో రంగూను పగోడా పండుగకు వచ్చిన జనం తమంతట తాము అడిగితేనే ఇచ్చిన కరపత్రాలు పదివేలకు దగ్గరపడ్డాయి. 1834 జనవరి 31న బర్మా బైబిలు చివరి కాగితం చేతపట్టుకొని మోకరించాడు. దర్శనం లేదు, స్వరం లేదు. పని, మనుషులు, కాలం.

రేపు ఆ తల్లి ఇంటికి మళ్లీ వెళ్తున్నాం. ఈసారి ప్రసంగం చేయం, కూర్చుంటాం. యోబు స్నేహితులు నోరు తెరవక ముందు ఏడు రోజులు చేసిన పని అదే.

1850లో జబ్బుపడిన జడ్సన్ గారిని గాలి మార్పు కోసం ఓడ ఎక్కించారు. ఏప్రిల్ 12న ఆయన ఓడలోనే చనిపోయాడు. తొలి బిడ్డను పోగొట్టుకున్న ఆ సముద్రంలోనే ఆయనను దించారు.