సహజ ప్రజ్ఞ (కైరోప్రాక్టిక్)

వెన్నుపూసలను చేతులతో సరిచేసే కైరోప్రాక్టిక్ చికిత్సకు తొలినాళ్లలో పునాదిగా ఉన్న భావన. దేహంలో పుట్టుకతోనే ఉండే ఒక ప్రజ్ఞ నాడుల ద్వారా అవయవాలను నడుపుతుందనీ, వెన్నుపూస స్థానం తప్పితే ఆ ప్రసారం దెబ్బతిని రోగం వస్తుందనీ దీని సారం. పూస తప్పడాన్ని సబ్‌లగ్జేషన్ అంటారు.

ఈ భావనను ప్రతిపాదించిన డేనియల్ డేవిడ్ పామర్ (1845–1913) కెనడాలో పుట్టాడు. అమెరికాలోని అయోవా రాష్ట్రం, డావెన్‌పోర్ట్‌లో అయస్కాంత చికిత్స చేసేవాడు. 1895లో హార్వే లిల్లార్డ్ అనే వ్యక్తి వెన్నుపూసను సరిచేసి, అతని వినికిడిని తిరిగి రప్పించానని చెప్పుకున్నాడు. ఈ వాదన శరీర నిర్మాణ శాస్త్రం ముందు నిలవదు. వినికిడి నాడి చెవి నుంచి మెదడుకు కపాలం లోపలే చేరుతుంది, వెన్నెముక జోలికే పోదు. గుండెనూ జీర్ణకోశాన్నీ ప్రభావితం చేసే వేగస్ నాడి కూడా పూసల మధ్య నుంచి కాక, నేరుగా కపాలం నుంచే బయటికి వస్తుంది.

పామర్ మనసును విస్మరించలేదు. పూసలు తప్పడానికి దెబ్బలు, విషపదార్థాలతో పాటు ఆత్మసూచననూ (తనకు తాను ఇచ్చుకునే మానసిక సూచననూ) కారణంగా చెప్పాడు. మానసిక ఒత్తిడి కండరాలను బిగించి నొప్పిని పెంచుతుందన్న నేటి అవగాహనకు ఇది కొంత దగ్గరే. అయితే అందుకు సహజ ప్రజ్ఞను ఊహించనక్కర్లేదు.

సబ్‌లగ్జేషన్ వ్యాధులకు కారణమనేందుకు క్లినికల్ ఆధారాలు లేవని బ్రిటన్‌లోని జనరల్ కైరోప్రాక్టిక్ కౌన్సిల్ 2010లో ప్రకటించింది. ఒక వృత్తి నియంత్రణ సంస్థ ఈ మాట చెప్పడం మెచ్చదగినది. అయినా నడుము నొప్పికి కైరోప్రాక్టిక్ చికిత్స ఒక మోస్తరు ఉపశమనం ఇస్తుంది. అయితే ఇందులో మెడను బలంగా తిప్పే పద్ధతి తర్వాత అరుదుగా ధమని చీలి పక్షవాతం వచ్చిన కేసులు నమోదయ్యాయి.