ఈడొచ్చిన పిల్లకు దొరికిన కాలం

"పదమూడేళ్లకే మేము సంసారం చేశాం, ఈ కోపాలన్నీ ఇప్పటి పిల్లలకే" అంటుంటారు మన ఇళ్లలో పెద్దవాళ్లు. ఆ రోజుల్లో కోపాలు లేక కాదు, చూపించే వీలు లేక.

ఆడపిల్ల పెళ్లికి కనీసం 14 ఏళ్లుండాలని 1929లో శారదా చట్టం వచ్చింది. అది బ్రిటిష్ ఇండియాకే. మన సంగారెడ్డి అప్పుడు నిజాం రాజ్యంలో ఉంది. 1978లో ఆ వయసు 18 అయింది. పటాన్‌చెరులో ఫ్యాక్టరీలు పెరిగిందీ ఆ దశాబ్దంలోనే. నెల జీతం వచ్చే ఇళ్లలో ఆడపిల్లల చదువూ ముందుకు సాగింది. అలా ఆటలకూ కాపురానికీ నడుమ కొన్నేళ్లు మిగిలాయి.

ఆ ఏళ్లలో మెదడులో ఏం జరుగుతుందో 1999లో అమెరికాలో జే గీడ్ బృందం స్కాన్లు తీసి చూపింది. మెదడు ముందుభాగంలోని బూడిదరంగు పదార్థం ఆడపిల్లల్లో సుమారు 11, మగపిల్లల్లో 12 ఏళ్ల దాకా పెరిగి, తర్వాత పలచబడుతుంది. వాడని దారులు పోయి, వాడేవి గట్టిపడతాయన్నమాట. ఆవేశం ముందే మేల్కొంటుంది. ఆగి ఆలోచించే భాగం కుదురుకోవడానికి ఇరవై దాటి ఇంకొన్నేళ్లు పడుతుంది.

అంటే మన అమ్మమ్మలు అది కుదురుకోకముందే బిడ్డల్ని ఎత్తుకున్నారు. పిల్ల తలుపు దబాలున వేసుకుంటే "మా కాలంలో" అని మొదలుపెట్టకండి. వాళ్లకు దక్కని కాలమే ఈ పిల్లకు దక్కింది. కాసేపాగి అన్నానికి పిలవండి.