సత్తెనపల్లిలో లినక్స్‌ని ఓడించిన మోడెం

విండోసా, లినక్సా, మాకా అని మనవాళ్ళు మొదలెడితే ఆ వాదన కెర్నెల్ దగ్గర మొదలై వైరస్‌ల దాకా పోతుంది. నేనూ బోలెడన్ని సార్లు పాల్గొన్నాను. కానీ మా సత్తెనపల్లిలో (అప్పుడు గుంటూరు జిల్లా, 2022 నుంచి పల్నాడు) మా ఈడువాళ్ళు ప్రోగ్రామింగ్ నేర్చుకున్న రోజులు తల్చుకుంటే, అసలు ఎంచుకోవడం అనేదే జరగలేదనిపిస్తుంది.

లినక్స్ ఉచితం కాబట్టి డబ్బుల్లేని చోట అదే గెలుస్తుందని అప్పట్లో చాలామంది అనేవారు. లెక్క బాగానే ఉంది. కాకపోతే మా ఊళ్ళో విండోస్ కూడా ఉచితమే! అసెంబుల్ చేసిన పీసీ కొంటే 98 వేసే ఇచ్చేవాళ్ళు. 2001లో ఎక్స్‌పీకి యాక్టివేషన్ పెట్టినా, దాని అవసరం లేని కార్పొరేట్ సీడీ వచ్చేసింది. ఎఫ్‌సీకేజీడబ్ల్యూ అంటే చాలు, మిగతా అంకెలు మీలో కొందరు ఇప్పటికీ చూడకుండా చెప్పగలరు :) 1998లో బిల్ గేట్స్ చైనా గురించి మాట్లాడుతూ, ఎలాగూ దొంగిలిస్తారు కాబట్టి మాదే దొంగిలించాలి, డబ్బు సంగతి తర్వాత చూస్తాం అన్న అర్థంలో అన్నాడు. చైనా గురించి అన్నా మాకూ సరిగ్గా సరిపోయింది.

సరే, ధర పోయింది. అయినా లినక్స్ సీడీలు మా దాకా వచ్చాయి, పత్రికలతో పాటూ వచ్చాయి, స్నేహితుల ద్వారానూ వచ్చాయి. ఇన్‌స్టాల్ కూడా అయ్యేది. అసలు చిక్కంతా మోడెం దగ్గర.

చవకగా దొరికే లోపలి మోడెంలో ఉండాల్సిన చిప్పులు సగం ఉండవు. ఆ పని కంప్యూటర్ ప్రాసెసరే చేయాలి, చేయించే డ్రైవరేమో విండోస్‌కే రాసేవాళ్ళు. అందుకే వాటికి విన్‌మోడెం అని పేరు. సీరియల్ పోర్టుకి తగిలించే బయటి మోడెం లినక్స్‌లో హాయిగా పనిచేస్తుంది, కానీ ఖరీదెక్కువ. చవక మోడెం ఉన్నవాడు లినక్స్‌లోకి వెళితే నెట్ లేదు. ఎందుకు లేదో వెతకాలంటే మళ్ళీ విండోస్‌లోకి రావాలి, డ్రైవర్ దించుకోవాలి, ఫ్లాపీలో ఎక్కించుకుని రీబూట్ చేయాలి. అది ఇంకో ప్యాకేజీ కావాలంటుంది, మళ్ళీ రీబూట్. ఫోన్ బిల్లు చూసి నాన్న అరిచేలోపు ఎన్నిసార్లు తిరుగుతాం?

అదే సమయంలో లీజు లైను, ల్యాన్ ఉన్న కాలేజీల పిల్లలకి ఈ బాధ లేదు. ఈథర్‌నెట్ కార్డు పెడితే లినక్స్ నడిచేది. ఉద్యోగాల్లో చేరాక తేడా తెలిసింది. సర్వర్లన్నీ యునిక్సో లినక్సో అయ్యేసరికి వాళ్ళు ఇంట్లో ఉన్నట్టే ఉన్నారు, మావాళ్ళు పుట్టీ తెరిచి వీఐలోంచి బయటికెలా రావాలా అని చూశారు. తెలివిలో తేడా కాదండీ, తీగలో తేడా.

కాలేజీ ల్యాబులు కూడా తమ వంతు సాయం చేశాయి. టర్బో సీలో కోనియో డాట్ హెచ్, క్లియర్ స్క్రీన్ లేకుండా ప్రోగ్రామే రాయని కుర్రాడు జీసీసీలో అదే కంపైల్ చేస్తే ఆ హెడర్ లేదంటుంది. వాడు లినక్స్ పాడైందనుకుంటాడు.

తెలుగు విషయంలో మాత్రం విండోస్ అంత ముందేమీ లేదు. విండోస్ 2000లో దేవనాగరి, తమిళం ఉన్నాయి, తెలుగు లేదు. ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది, అదీ కాంప్లెక్స్ స్క్రిప్ట్ అనే గడిలో టిక్కు పెట్టి సీడీ పెడితేనే. పత్రికల సైట్లు సొంత ఫాంట్లు వాడుతుంటే, నాగార్జున వెన్న గారి పద్మ వాటిని ఫైర్‌ఫాక్స్‌లో యూనికోడ్‌గా మార్చిపెట్టేది. డీటీపీ షాపుల్లో మాత్రం అను ఫాంట్లూ పేజ్‌మేకరే, పెళ్ళిపత్రిక వేయాలన్నా విండోసే.

2005లో బీఎస్ఎన్ఎల్ డేటావన్ మొదలైంది. దాని మోడెంకి ఈథర్‌నెట్ తీగ తగిలిస్తే చాలు, ఏ డ్రైవరూ అక్కర్లేదు. ఉబుంటు వాళ్ళు 2011లో ఆపేసేదాకా సీడీలు పోస్టులో ఊరికే పంపేవారు. మావైపు ఇళ్ళల్లో లినక్స్ నిలబడటం అప్పుడే చూశాను.

ఇక మాక్ కథ వేరు. 2008లో యాపిల్ ఐఫోన్ ఎస్‌డీకే ఇచ్చింది, అది మాక్ మీదే నడుస్తుంది. హ్యాకింతోష్ ప్రయత్నాలు జరక్కపోలేదు గానీ, ఆపరేటింగ్ సిస్టం కోసం మావాళ్ళు తెలిసి మరీ డబ్బు పెట్టింది అక్కడే అనుకుంటా.