దుబాసీ అక్కరలేని భాష

మా చిన్నతనంలో శ్రీకాకుళం ప్రాంతంలోని ఒక తాలూకా కచేరీ అరుగుమీద అర్జీలు రాసేవాళ్ళు కూచునేవారు. మా వీధి రైతు ఒకాయన వాళ్ళను దాటిపోయి, మూడు రోజులు కష్టపడి తన అర్జీ తానే రాసుకున్నాడు. మాటకో తప్పు. కాలేజీ చదువు తలకెక్కిన నేను, డబ్బుకు వెనకాడాడనుకుని నవ్వాను. ఆయన కోపగించుకోలేదు. "ఆళ్ళు రాసింది నాకే తెలీదు బాబూ. నానేటడిగానో నాకే తెలీకపోతే, రేపు ఆఫీసరు అడిగితే ఏటి సెప్పీది?" అన్నాడు.

ఆ మాటలో ఎంత చరిత్ర ఉందో తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

నిపుణుణ్ణి పిలవకుండా మనిషి తన పని తానే ఎందుకు చేసుకుంటాడు? లేమి అంటారు కొందరు, అజ్ఞానం అంటారు మరికొందరు. 1859లో ఇంగ్లండులో శామ్యూల్ స్మైల్స్ 'సెల్ఫ్ హెల్ప్' అచ్చయిన నాటినుంచీ, అది వ్యక్తి సుగుణమనీ, పైకి రానివాడిది వాడి లోపమేననీ బోధించేవారికీ కొదవలేదు. ఈ మూడు సమాధానాల్లోనూ ఒక్క ప్రశ్న లేదు: నిపుణుడి విద్య ఎవరి భాషలో ఉంది, ఎవరి అదుపులో ఉంది? ఈ ప్రశ్నకు జవాబు గిడుగు రామమూర్తి జీవితంలో దొరుకుతుంది.

1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు, విజయనగరంలో గురజాడకు సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చరిత్ర చెప్పడానికి కుదిరాడు. పై పరీక్షలన్నీ ప్రైవేటుగానే చదివి ప్యాసయ్యాడు. వంశధార ఒడ్డునున్న ముఖలింగం శాసనాలను చదవడానికి ప్రాచీన లిపులను కూడా సొంతంగానే నేర్చుకున్నాడు.

అయితే ఈ పట్టుదలను మెచ్చుకుని ఊరుకుంటే స్మైల్స్ శిష్యులమే అవుతాం. అసలు సంగతి మన్యంలో ఉంది. సవరలకూ కచేరీకీ మధ్య, సవరలకూ షావుకారుకూ మధ్య భాష తెలిసిన మరో మనిషి నిలబడేవాడు. తన మాటను అతను ఏమని మార్చి చెప్పాడో, తన లెక్కను ఏమని రాసుకున్నారో సరిచూసుకునే సాధనం సవర చేతిలో లేదు. గిడుగు వారికి మరో మంచి దుబాసీని కుదర్చలేదు. రెండు భాషలూ తెలిసిన ఒకరిని ఇంట్లో పెట్టుకుని, తానే శిష్యుడై సవర నేర్చుకున్నాడు. ఆ భాషలో వాచకాలు రాశాడు. సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చాడు. సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి.

ఆయన వ్యావహారిక భాషోద్యమం కూడా దీని కొనసాగింపే అని నా అభిప్రాయం. పాఠశాలల ఇన్‌స్పెక్టరు యేట్స్ తెలుగు బోధన గురించి అడిగిన ప్రశ్నతో ఆ వాదం మొదలైంది. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం సమర్పించాడు. 1919లో గిడుగు 'తెలుగు' పత్రిక నడిపాడు. ఇది పండితుల వ్యాకరణ కలహం మాత్రమే కాదు. రాత భాష నోటి భాషకు దూరమైనకొద్దీ, తన కష్టం తాను రాసుకోలేని మనిషి మరొకరి కలానికి లోబడక తప్పదు. గ్రాంథికవాదులు తమ వ్యాకరణం కోసం పోరాడితే, గిడుగు ఆ మనిషి కలం కోసం పోరాడాడు.

ఇంతమాత్రాన నిపుణుడే అక్కర్లేదనడం తెలివితక్కువ. మన్యపు మలేరియాకు వాడిన క్వినైను గిడుగు వినికిడిని దెబ్బతీసింది. ప్రతి ధ్వనినీ చెవితో పట్టవలసిన భాషావేత్త చెల్లించిన మూల్యమిది. వైద్యం అందని చోట సొంత వైద్యం చేసుకోవడం స్వేచ్ఛ కాదు, గతిలేనితనం. సవరల బడికి ఒక ఉపాధ్యాయుడి జేబు ఖాళీ కావలసిరావడం ఆ ఉపాధ్యాయుడికి కీర్తే, కాని నాటి ప్రభుత్వానికి సిగ్గుచేటు. కనుక "మీ పని మీరే చేసుకోండి" అని పాలకులు ప్రజలకు చెప్పినప్పుడు మనం అనుమానించాలి. "మా పని మేమే తెలుసుకుంటాం" అని ప్రజలే అన్నప్పుడు మాత్రం చెవి ఒగ్గాలి. ఈ రెండు మాటలూ పైకి ఒకలాగే వినిపించినా, మొదటిది బాధ్యత దులుపుకోవడం, రెండోది అధికారం అడగడం.

1936లో, గిడుగు నిఘంటువు అచ్చుకాకముందే, సవరల్లోంచే మంగే గొమాంగో తమ భాషకు సొంత లిపి కల్పించాడు. బయటివాడు ఎంత ప్రేమగా నేర్పినా, కలం చివరకు చేరవలసిన చేతులు ఏవో ఈ సంఘటన తెలుపుతుంది.

ఉపాధ్యాయులం, విద్యార్థులం మనమూ రేపటి నిపుణులమే. మన విద్య జనాన్ని మన అరుగు చుట్టూ తిప్పుకుంటున్నదా, లేక ఆ అరుగు ఎక్కే అవసరమే లేకుండా చేస్తున్నదా? ఆనాడు ఆ రైతు అర్జీ చూసి నవ్వాను. తప్పులు నాలుగు దిద్ది, ఆయనకే తిరిగి చదివి వినిపించవలసింది. నాకు చేతనైన పని అదే, నేను చెయ్యనిదీ అదే.